అప్పగింత పత్రం: తెలుగునాట బాలల సంక్షేమ వ్యవస్థ పరిణామం

ఉపోద్ఘాతం:
బిడ్డను పోషించలేనని ఒక తల్లి చెప్పినప్పుడు ప్రభుత్వం ముందు రెండు మార్గాలుంటాయి. బిడ్డను స్వీకరించి సంరక్షణకు మరో ఏర్పాటు చేయడం ఒకటి. తల్లి పోషించగలిగేలా తోడ్పడటం రెండవది. తెలుగు ప్రాంతాల్లో బాలల సంక్షేమ యంత్రాంగం ఈ రెండింటిలో దేనికి ప్రాధాన్యమిచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చట్టాల నేపథ్యం:
1920 నాటి మద్రాసు బాలల చట్టం ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని ఆంధ్ర జిల్లాలకూ వర్తించింది. నేరం చేసిన బాలలనూ, దిక్కులేని బాలలనూ అది ఒకే చట్ట పరిధిలోకి తెచ్చి, ఉభయులకూ ధ్రువీకృత పాఠశాలలను ప్రధాన పరిష్కారంగా చూపింది. హైదరాబాదు రాష్ట్రంలో 1951లో బాలల చట్టం వచ్చింది. 1986 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం నిరాదరణకు గురైన పిల్లలను బాల సంక్షేమ బోర్డులకూ, నేరారోపణ ఉన్నవారిని బాలల న్యాయస్థానాలకూ అప్పగించింది. 2000 నాటి చట్టం ఆ బోర్డుల స్థానంలో బాలల సంక్షేమ సమితులను ఏర్పరచింది. 2015 చట్టం సంస్థాగత సంరక్షణను చివరి మార్గంగానే భావించాలని స్పష్టం చేసింది.

తండాల ఉదంతం:
ఈ సూత్రం ఎందుకు అవసరమో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం తెలుపుతుంది. 1999, 2001 సంవత్సరాల్లో తెలంగాణలోని లంబాడా తండాల నుండి ఆడశిశువులను కొద్దిపాటి సొమ్ముకు సేకరించి దత్తతకు తరలించిన ఉదంతాలు బయటపడ్డాయి. తల్లి ఇష్టపూర్వకంగా అప్పగించినట్లు పత్రం ఉంటే చాలు, ఆ ఇష్టం వెనుక ఉన్న పేదరికం, ఆడపిల్ల పట్ల విముఖత, దళారుల ప్రమేయం మరుగునపడ్డాయి. 2001లో రాష్ట్ర ప్రభుత్వం ఇటువంటి అప్పగింతలను నిషేధించింది. అయితే నిషేధం పత్రాన్ని ఆపగలదు గాని, ఆ పత్రంపై వేలిముద్ర వేయించిన పరిస్థితిని మార్చలేదు.

నేటి పనితీరు:
ప్రస్తుత చట్టం ప్రకారం సంరక్షణ అవసరమైన బిడ్డను 24 గంటల్లోగా సమితి ముందు హాజరుపరచాలి. సమితిలో అధ్యక్షులతో పాటు నలుగురు సభ్యులుంటారు. వారిలో కనీసం ఒకరు మహిళ కావాలి. దానికి ప్రథమ శ్రేణి జుడీషియల్ మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. సమితి నిర్ణయానికి సామాజిక విచారణ నివేదిక ఆధారం. దాన్ని 15 రోజుల్లో పూర్తిచేయాలి. బిడ్డను అప్పగించిన తల్లిదండ్రులకు పునరాలోచన కోసం రెండు నెలల గడువుంటుంది. 2021 సవరణ దత్తత ఉత్తర్వులిచ్చే అధికారాన్ని న్యాయస్థానం నుండి జిల్లా మేజిస్ట్రేటుకు మార్చింది.

సవాళ్లు:
మొదటి సవాలు విచారణ నాణ్యత. తల్లి భాషలో మాట్లాడి, ఇంటి స్థితిని స్వయంగా చూసి రాయవలసిన నివేదిక నమూనా పత్రాన్ని పూరించడంగా మారితే, పునరాలోచన గడువు ఎదురుచూపుగానే మిగులుతుంది. రెండవది పరిపాలనా విస్తరణ. తెలంగాణలో జిల్లాలు 10 నుండి 33కు, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 నుండి 26కు పెరిగాయి. చట్టం ప్రతి జిల్లాకూ సమితిని కోరుతుంది. అంటే సభ్యులు, శిక్షణ పొందిన సిబ్బంది, వసతి గృహాలు అదే మేరకు కావాలి. సభ్యుల పదవీకాలం మూడేళ్లే కావడంతో అనుభవం కూడబెట్టడమూ కష్టమే. మూడవది ఆర్థిక తోడ్పాటు. మిషన్ వాత్సల్య కింద అర్హులైన బిడ్డకు నెలకు రూ.4,000 ఇచ్చి కుటుంబంలోనే పెరిగేలా చూసే ఏర్పాటుంది. ఈ సాయం అందుతుందన్న సమాచారం అప్పగింత పత్రం కంటే ముందే తల్లికి చేరాలి.

ముగింపు:
శతాబ్ద కాలంలో పాఠశాల నుండి బోర్డుకు, బోర్డు నుండి సమితికి అధికారం చేతులు మారింది. బిడ్డ భద్రతకు అప్పగింత తప్పనిసరైన సందర్భాలు ఉండవచ్చు. అయితే పేదరికమే కారణమైనచోట, తల్లి సమ్మతిని నమోదు చేయడానికి ముందు ఆమెకు వేరే దారి చూపారా అన్నదే ఈ వ్యవస్థకు నిజమైన గీటురాయి. తండాల ఉదంతం నేర్పిన పాఠం ఇదే.