ఒండోల్
కొరియా ఇళ్లలో నేల అడుగు నుంచి గదిని వేడిచేసే సంప్రదాయ పద్ధతి ఒండోల్. వంటింటి పొయ్యిలోని వేడి పొగ నేల కింది కాలువల గుండా సాగి, అవతలి వైపు పొగగొట్టంలోంచి బయటికి పోతుంది. కాలువలపై పరచిన మందపాటి బండలు మంట ఆరాక కూడా గంటల తరబడి వేడిని వదులుతాయి. బండలపై మట్టి మెత్తి, నూనె పట్టించిన కాగితం అతికిస్తారు. ఒకే మంటతో వంట, వెచ్చదనం రెండూ సమకూరడం, గదిలోకి పొగ రాకపోవడం, పాదాలకు వెచ్చగా ఉండడం దీని ప్రధాన ప్రయోజనాలు. నేలమీదే కూర్చునే, పడుకునే కొరియన్ల అలవాటు దీనితో ముడిపడి ఉంది. 20వ శతాబ్దంలో బొగ్గు దిమ్మెల వాడకం పెరిగాక, నేల పగుళ్లలోంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ అనేక ప్రాణాలు తీసింది. ఇప్పటి అపార్ట్‌మెంట్లలో పొగకు బదులు గొట్టాల్లో వేడినీరు పారుతుంది. దక్షిణ కొరియా 2018లో ఒండోల్ సంస్కృతిని జాతీయ అమూర్త వారసత్వంగా గుర్తించింది.