ఆరవ సంఖ్య ఉందా? సుబ్బారావు ప్రశ్నకు దొరకని జవాబు

146361946186458562560000. ఈ 24 అంకెల సంయుక్త సంఖ్య ఇప్పటివరకు తెలిసిన ఐదు ‘యూనిటరీ పరిపూర్ణ సంఖ్య’ల్లో అతి పెద్దది. మిగిలినవి 6, 60, 90, 87360.

భాజకానికీ, దానితో భాగించగా వచ్చే ఫలితానికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేకపోతే అది యూనిటరీ భాజకం. 60కి 4 అలాంటిదే. 2 మాత్రం కాదు, 30 కూడా సరిసంఖ్యే కనుక. 60ని మినహాయించి దాని యూనిటరీ భాజకాలైన 1, 3, 4, 5, 12, 15, 20లను కూడితే తిరిగి 60 వస్తుంది.

నాటి గుంటూరు జిల్లా యాజలిలో 1921లో జన్మించి, కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో బోధించిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు, ఎల్‌.జె.వారెన్‌తో కలిసి 1966లో ఈ సంఖ్యలపై పత్రం ప్రచురించారు. బేసి సంఖ్యల్లో ఇలాంటిది ఉండదని నిరూపించారు. ఐదవదానిపై చార్లెస్ వాల్ పత్రం 1975లో ప్రచురితమైంది.

దానికి 12 ప్రధాన కారణాంకాలున్నాయి. అందులోని ఒక్కో ప్రధాన ఘాతానికి 1 కలిపి, అన్నింటినీ గుణిస్తే సంఖ్యకు సరిగ్గా రెట్టింపు రావాలి. 2 యొక్క 18వ ఘాతానికి 1 కలిపితే 262145, అంటే 5×13×37×109. ఈ నాలుగూ ఆ సంఖ్య కారణాంకాలే. 313కు 1 కలిపితే 2×157, 157కు కలిపితే 2×79. ఏ మెట్టులోనూ బయటి ప్రధాన సంఖ్య చొరబడదు. అరుదైన అమరిక ఇది.

ఇలాంటివి పరిమితంగానే ఉంటాయని సుబ్బారావు ప్రతిపాదించారు. అది నేటికీ నిరూపణ కాలేదు. ఆరవ సంఖ్యా దొరకలేదు.