పాత ప్రాసెసరులపై ఓపెన్‌సోర్సు ప్రస్థానము

1969లో బెల్ ప్రయోగశాలయందు కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీలు పీడీపీ-7 అను చిన్న యంత్రముపై యునిక్సుకు శ్రీకారము చుట్టిననాడు, ఒక యంత్రమునకై వ్రాసిన వ్యవస్థ ఆ యంత్రముతోనే గతించుట లోకరీతిగా నుండెను. 1973లో దానిని సి భాషలో తిరిగి వ్రాయుటతో ఆ రీతి మారుటకు త్రోవ యేర్పడెను. ఏలయన, క్రొత్త ప్రాసెసరునకు తగిన కంపైలరు కుదిరినచో, మూలపాఠమున దిద్దవలసినది కొద్దిభాగమే.

మా రావులపాలెము రైతులు అరటి గెల కోసి తల్లిచెట్టును నరికినను, పిలకను త్రవ్వి వేరొక చేన నాటుకొందురు. యునిక్సు వంశము విస్తరించిన తీరు అట్టిది. నేల మారిన కష్టములును లేకపోలేదు. పదునారు బిట్ల పదములో ఇమిడిన రెండు బైట్లలో ఏది ముందన్న విషయమున ప్రాసెసరులకు ఏకాభిప్రాయము లేదు. ఆ వరుస నెరుంగక తరలించినచో, నాలుగు రోమను అక్షరముల ‘యునిక్స్’ జంటజంటగా తారుమారై ‘నుక్సి’గా వెలువడును.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో యునిక్సును పోలిన లినక్సును ఇంటెల్ 386 కొరకే ఆరంభించెను. డిజిటల్ సంస్థకు చెందిన జాన్ హాల్ చొరవచే ఆ సంస్థవారి ఆల్ఫా యంత్రము లభింపగా, 1995 నాటికి అది 64 బిట్ల ప్రాసెసరుపై నడచినది. లినక్సు చరిత్రలో ఇంతకు మించిన మలుపు లేదని నా విశ్వాసము. 386నే నమ్ముకొని వ్రాసిన భాగములు పెక్కు బయటపడి సంస్కరింపబడినది అప్పుడే. లినక్సును పంచిపెట్టు డెబియన్‌వారు 1998లో మోటరోలా 68000 కుటుంబమును, మరుసటి యేట ఆల్ఫా, స్పార్క్‌లను, 2000లో పవర్‌పీసీ, ఆర్మ్‌లను చేర్చుకొనిరి. 1993లో వెలసిన యునిక్సు వంశపు నెట్‌బీఎస్‌డీ వాక్సు వంటి పురాతన యంత్రములను సైతము ఆదరించెను.

ఆపిల్ సంస్థ 2009 నాటి మాక్ ఓయస్ 10.6తో పవర్‌పీసీని విడనాడినను, డెబియను 2017 వరకు దానిని అధికారికముగా పోషించెను. పాత ఐబుక్కును ఆన్ చేయుచు కమాండ్, ఆప్షన్, ఓ, ఎఫ్ మీటలను ఒకేమారు నొక్కిపట్టినచో, తెల్లని తెరపై ఒక సున్నయు దాని ప్రక్క బాణపు గుర్తును ప్రత్యక్షమగును. అది ఓపెన్ ఫర్మ్‌వేర్. అచ్చటినుండి యాబూట్ అను చిన్న ప్రోగ్రాము లినక్సు కెర్నెలును మెమరీలోనికి తెచ్చును. కంపెనీ చేయి విడిచిన యంత్రము మరల పనిలోనికి దిగు ఆ ఘడియ నాకు మిక్కిలి ప్రీతికరము.

వియోగములును కలవు. ఆల్ఫాను డెబియను 2011లో విడిచెను. కెర్నెలు తాను పుట్టిన 386నే 2013లో, ఇటానియమును 2024లో త్యజించెను. ప్రతి మార్పును పరీక్షించుటకు పనిచేయు యంత్రమును, ఓపికగల మనిషియు కావలెను. కంపైలరు తోడు రానిచో మూలపాఠ మెంత తెరచియున్నను ప్రయోజనము స్వల్పము. ఉదాహరణకు, రస్ట్ భాష అధికారిక కంపైలరు ఆల్ఫాను ఎరుగదు.

ఇక మన నాటి పాత యంత్రముల సంగతి. గోదావరి మండలపు మొగల్లులో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున 1967లో హైదరాబాదున నెలకొన్న ఈసీఐఎల్, 1975లో టీడీసీ-316 అను పదునారు బిట్ల కంప్యూటరును నిర్మించెను. దాని సమకాలికమైన పీడీపీ-11 నేటికిని సిమ్‌హెచ్ అను ఎమ్యులేటరులో నడచుచున్నది. 2002లో కాల్డెరా సంస్థ తొలి యునిక్సుల మూలపాఠములను స్వేచ్ఛగా విడుదల చేయుటచే, వానిని అందు ఎవరైనను నడుపవచ్చును. మన టీడీసీకిని అట్టి భాగ్యము కలుగవలెనని నా కోరిక. దాని ఆదేశముల పట్టికలను, సర్క్యూటు పటములను, టేపులను భద్రపరచుకొన్న నాటి ఇంజినీర్లు ఎచ్చటనున్నను, వానిని స్కాను చేసి అందరి ముందుంచుదురుగాక.