డైనమో జమానా నుంచి ఆర్‌ఆర్ యూనిట్ దాకా

నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా బస్టాండు దాటి కాస్త ముందుకు పోతే మెకానిక్ దుకాణాల వరస కనబడుతుంది. నూనెతో నల్లబడిన నేల, పాత టైర్ల కుప్ప, గోడకు వేలాడే పానాలు, లోపల ఒక ఉస్తాద్, బయట ఇద్దరు ముగ్గురు షాగిర్దులు. ఆ ఉస్తాదుల్లో మనవాళ్ళు ఎంతమందో మన ఖాందాన్లకు వేరే చెప్పక్కర్లేదు. ఒక మామూనో, ఒక ఖాలా కొడుకో ఈ పనిలో లేని ఇల్లు తక్కువ. అయినా మన తారీఖ్ రాసుకునేటప్పుడు నవాబులు, జాగీర్లు, కోటలు, దర్గాల దగ్గరే కలం ఆగిపోతుంది. పానా పట్టిన చేతుల దాకా రాదు.

ఆ తారీఖ్ అంతా నేనొక్కడినే రాయలేను. అందుకని ఒక్క పుర్జాను పట్టుకుంటున్నాను: మోటార్ సైకిల్ ఇంజన్ తిరుగుతున్నంతసేపు బ్యాటరీకి కరెంటు నింపే పుర్జా. అరవై ఏళ్ళలో అది ఎట్లా మారిందో చూస్తే, మన ఉస్తాదుల హునర్ ఎటు పోయిందో, ఎక్కడ మిగిలిందో తెలుస్తుంది.

మోటారు పని మన ఇలాఖాకు కొత్తగా వచ్చిందేమీ కాదు. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది ములాజిములతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టింది. దానికి ముందే, 1917లో, హైదరాబాద్‌లో దారుల్ తర్జుమా ఏర్పడి సైన్సు కితాబులను ఉర్దూలోకి తెచ్చే పని చేపట్టింది. 1918లో నిలబడ్డ ఉస్మానియా యూనివర్సిటీలో చదువు ఉర్దూలోనే సాగింది. విద్యుత్తును బర్ఖ్ అనీ, అయస్కాంతాన్ని మక్నాతీస్ అనీ చదువుకున్న తరం ఒకటి ఉండేది. 1948 తర్వాత ఆ చదువు ఇంగ్లీషులోకి మళ్ళింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. కచేరీల మీద, జాగీర్ల మీద బతికిన కుటుంబాలు రోజీ వేరేచోట వెతుక్కోవలసి వచ్చింది. చేతిపనులు ఆసరా అయ్యాయి, వాటిలో మోటారు పని ఒకటి. 2006లో వచ్చిన సచార్ కమిటీ రిపోర్టు కూడా ముస్లింలలో సొంత పని మీద బతికేవాళ్ళే ఎక్కువని చెప్పింది. బర్ఖ్, మక్నాతీస్ కితాబుల్లో ఉండిపోయాయి. దుకాణంలో డైనమో, కాయిల్, మ్యాగ్నెట్ అనే మాటలే నిలిచాయి. ఇల్మ్ మాత్రం ఒకటే.

ఆ ఇల్మ్‌కు మూలం 1831 నాటిది. తీగచుట్ట దగ్గర అయస్కాంతాన్ని కదిలిస్తే తీగలో కరెంటు పుడుతుందని ఆ ఏడాది లండన్‌లో మైకేల్ ఫారడే చూపించాడు. ఆయన లోహారి కొడుకు. కితాబులకు జిల్దులు కట్టే దుకాణంలో షాగిర్దుగా పెరిగినవాడు. బండి ఇంజన్ పక్కన తిరిగే మ్యాగ్నెట్, దానికి ఎదురుగా ఉండే కాయిల్ ఈనాటికీ అదే ఉసూల్ మీద పనిచేస్తున్నాయి.

మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా 1955లో వచ్చింది. మైసూరులో ఐడియల్ జావా 1961లో బండ్లు చేయడం మొదలుపెట్టింది. మన రోడ్ల మీద తిరిగిన పాత మోటార్ సైకిళ్ళలో ఈ రెండింటిదే దబదబా. జావాలో క్రాంక్ చివర డైనమో ఉండేది. కార్బన్ బ్రష్షులు అరిగితే కరెంటు తగ్గేది. ఉస్తాద్ మూత విప్పి, రాగి కమ్యుటేటర్‌ను సన్నని గరుకు కాగితంతో రుద్ది, బ్రష్షులు మార్చి, కటౌట్ పాయింట్లు శుభ్రం చేసేవాడు. బుల్లెట్ హెడ్‌లైట్ పైన చిన్న ఆంపియర్ మీటర్ ఉండేది. రేజ్ ఇచ్చినప్పుడు ముల్లు కుడివైపు వస్తే చార్జింగ్ ఉన్నట్టు, ఎడమవైపే పడి ఉంటే బ్యాటరీ ఖాళీ అవుతున్నట్టు. హకీం నబ్జ్ చూసినట్టు ఆ ముల్లును చూసి నుక్స్ చెప్పేవాళ్ళు. అన్నీ కంటికి కనబడేవి, అన్నీ విప్పితే విడిపోయేవి. అందుకే ఆ పనికి మరమ్మతు అనే మాట సరిపోయేది.

కాయిల్ కాలితే? ఇక్కడ మన నేల కథ కలుస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలు. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు మిర్యాలగూడ వైపు పారాయి గానీ దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దిక్కు రైతు చాలాకాలం బోరునే నమ్ముకున్నాడు. వోల్టేజీ పడిపోయినప్పుడల్లా మోటార్లు కాలేవి. వాటికి మళ్ళీ రాగి తీగ చుట్టడానికి ప్రతి కస్బాలో వైండింగ్ దుకాణం వెలసింది. ఐదు హార్స్‌పవర్ల బోరు మోటార్ చుట్టే చెయ్యి బండి కాయిల్ చుట్టలేదా? తీగ మందం, చుట్ల లెక్క, వార్నిష్, ఆరబెట్టడం అన్నీ అదే ఫన్. అట్లా కరువు నేర్పిన హునర్ మోటార్ సైకిల్‌కు కూడా పనికొచ్చింది.

1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక జమానా మారింది. తేలికపాటి బండ్లు ఇంటింటికీ చేరాయి. డైనమో, బ్రష్షులు మెల్లగా పోయాయి. వాటి చోట మ్యాగ్నెట్, స్టేటర్ కాయిల్, ఒక చిన్న అల్యూమినియం డబ్బా వచ్చాయి. కాయిల్‌లో పుట్టే కరెంటు అటూ ఇటూ దిశ మారుతుంటుంది. బ్యాటరీ ఒకే దిశ కరెంటునే తీసుకుంటుంది. ఆ డబ్బాలోని రెక్టిఫయర్ దిశను సరిచేస్తుంది, రెగ్యులేటర్ ఎక్కువైనదాన్ని ఆపుతుంది. రెండూ కలిపి దుకాణాల్లో ఆర్‌ఆర్ యూనిట్ అంటారు. వెనక భాగం గట్టిపడ్డ జిగురుతో మూసేసి ఉంటుంది. విప్పడానికి స్క్రూ లేదు, రుద్దడానికి పాయింటు లేదు. ఖరాబైతే పారేసి కొత్తది పెట్టాల్సిందే.

ఇక అంతా అయిపోయింది, పుర్జాలు మార్చేవాళ్ళే మిగిలారు అని కొందరు బుజుర్గులు బాధపడతారు. నేను పూర్తిగా ఒప్పుకోను. మరమ్మతు తగ్గింది నిజమే, తష్ఖీస్ మాత్రం తగ్గలేదు. పైగా దాని విలువ పెరిగింది.

ఎందుకంటే, పూర్వం మ్యాగ్నెటో మీద నడిచే చిన్న బండ్లలో బ్యాటరీ చచ్చినా కిక్ కొడితే బండి లేచేది. లైటు మసకగా వెలిగినా ఇల్లు చేరేవాళ్ళం. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లలో పగలూ రాత్రీ హెడ్‌లైట్ వెలగాలన్నారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 వచ్చాక దాదాపు మోటార్ సైకిళ్ళన్నిట్లో పెట్రోలును ఎలక్ట్రిక్ పంపే ఇంజన్‌కు తోస్తోంది. కరెంటు లేకపోతే పెట్రోలు లేదు, చాలా బండ్లకు కిక్ కూడా లేదు. చార్జింగ్ ఆగితే కొంతసేపటికి బండి నడిరోడ్డు మీద ఆగుతుంది. ఫజర్ వేళకే పాలు పోయడానికి, ఊరూరా గాజులు, బట్టలు అమ్మడానికి బయల్దేరే మనిషికి అది ఒక రోజు కమాయి.

మా మేనల్లుడు జడ్చర్ల చుట్టుపక్కల ఊళ్ళలో బట్టలు అమ్ముతాడు. ఒక ఎండాకాలం పొద్దున్నే బండి లేవడం మానేసింది. ఒక దుకాణంలో మీటర్ పెట్టకుండానే బ్యాటరీ మార్చారు. మూడు వారాలకు మళ్ళీ అదే బాధ, మళ్ళీ కొత్త బ్యాటరీ. చివరికి ఇంకో ఉస్తాద్ దగ్గరికి పోతే, ఆయన ముందు సీటు తీసి మీటర్ పెట్టాడు. పావుగంటలో తేలింది: ఆర్‌ఆర్ యూనిట్ పోయింది, దాని కనెక్టర్ ప్లాస్టిక్ కరిగి ఉంది. బ్యాటరీలు రెండూ బేకసూర్.

ఆ ఉస్తాద్ పాటించిన తర్తీబ్ మన పిల్లలందరికీ తెలియాలని రాస్తున్నాను. మొదట ఇంజన్ ఆపి బ్యాటరీ చూడాలి. ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 వోల్టుల చుట్టుపక్కల చూపిస్తుంది. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి రేజ్ పెంచాలి. 13.8 నుంచి 14.5 లోపు వస్తే చార్జింగ్ సరే. రేజ్ ఇచ్చినా 13 దాటకపోతే కరెంటు ఎక్కడం లేదు. 15 దాటితే రెగ్యులేటర్ ఆపడం లేదు, బల్బులు మాడతాయి, బ్యాటరీ ఉడుకుతుంది. మూడోది, ఏ పుర్జా మీదా ఇల్జామ్ వేయకముందే కనెక్టర్లు, ఫ్యూజు, ఎర్త్ తీగ చూడాలి. నాలుగోది స్టేటర్. మూడు తీగల స్టేటర్ ఉన్న బండ్లలో ఇంజన్ ఆపి, కనెక్టర్ విప్పి చూస్తే, ఆ తీగల్లో ఏదీ ఇంజన్ బాడీకి కలిసి ఉండకూడదు. స్టార్ట్ చేసి మీటర్‌ను ఏసీ మీద పెడితే ఏ రెండు తీగల మధ్యనైనా వోల్టులు దాదాపు సమానంగా ఉండాలి, రేజ్‌తో పాటు పెరగాలి. ఇవన్నీ బాగుండి కూడా చార్జింగ్ రాకపోతే, అప్పుడు ఆర్‌ఆర్ యూనిట్ మీద గవాహీ పూర్తయినట్టు.

మార్చడం పది నిమిషాల పని. బ్యాటరీ నెగటివ్ తీగ ముందు తీయాలి. పాత డబ్బా విప్పాక అది కూర్చునే ఇనుప జాగాలో మట్టి, తుప్పు గీకేయాలి, ఎందుకంటే దాని వేడి అక్కడినుంచే బయటికి పోతుంది. చాలా బండ్లలో ఎక్కువైన కరెంటును రెగ్యులేటర్ వేడిగానే ఖర్చు చేస్తుంది. మే నెలలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలకు చేరినప్పుడు గాలి తగలని డబ్బా ఎట్లా బతుకుతుంది? కరిగిన కనెక్టర్‌ను అట్లాగే వదిలి కొత్త యూనిట్ పెడితే అది కూడా కాలుతుంది. అంతా అయ్యాక మళ్ళీ మీటర్ పెట్టి గిరాకీకి అంకె చూపించాలి.

ఆ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి. డైనమో జమానాలో అరిగిన బ్రష్షును అరచేతిలో పెట్టి చూపేవాళ్ళు. గిరాకీ తన కళ్ళతో నమ్మేవాడు. మూసిన డబ్బాలో చూపడానికి ఏమీ లేదు. మీటర్ మీది అంకె ఒక్కటే సబూత్. అది చూపించకుండా పైసలు తీసుకుంటే, పని సరిగ్గా చేసిన ఉస్తాద్ మీద కూడా షక్ వస్తుంది. అమానత్‌గా వదిలిన బండికి లెక్క చెప్పడం ఈ పనిలో సగం.

షాగిర్దులు తక్కువవుతున్నారని ప్రతి ఉస్తాదూ అంటున్నాడు. పిల్లలు బడిలో ఉండటమే మేలు, అందులో రెండో మాట లేదు. చదువు అయ్యాక ఈ పనిలోకి వచ్చే అబ్బాయికి మాత్రం పానా కంటే ముందు మీటర్ ఇవ్వాలని నా కోరిక. ఇక పాతతరం సంగతి. మీ ఇంట్లో ఈ పని చేసిన బుజుర్గ్ ఉంటే, ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, మొదట ఏ బండి విప్పాడో, కాయిల్‌కు ఎన్ని చుట్లు చుట్టేవాడో అడిగి ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టండి. రేపు మన తారీఖ్ రాసేవాళ్ళకు అది పనికొస్తుంది.