తడిసిన రన్‌వే: ఆగాలా, ఎగరాలా?

తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన రైల్వే పట్టణం ఖరగ్‌పూర్. ఆ పట్టణంలోని హిజ్లీలో ఉన్న పాత నిర్బంధ శిబిర భవనంలో 1951లో దేశపు తొలి ఐఐటీ ప్రారంభమైంది. అంతకుముందు, 1944లో, అమెరికా 20వ బాంబర్ కమాండ్‌కు ఆ భవనమే ప్రధాన కార్యాలయం. ఆ సంవత్సరం జూన్ 5న ఈ ప్రాంతపు స్థావరాల నుంచి 98 బి-29 విమానాలు బ్యాంకాక్‌పై దాడికి బయలుదేరాయి. వాటిలో ఒకటి గాలిలోకి లేచే దశలోనే కూలిపోయింది.

సుమారు 60 టన్నుల బరువుతో ఎగిరే ఈ విమానాల కోసమే అక్కడి రన్‌వేలను 7,500 అడుగుల వరకు పొడిగించారు. వేడి గాలి పలుచన కావడంతో రెక్కలకు ఎత్తే బలం, ఇంజన్లకు శక్తి తగ్గుతాయి. అందువల్ల ఎక్కువ పరుగు అవసరమవుతుంది.

వేసవి వెనుకే వచ్చే వర్షం రెండు విధాలుగా పరీక్షిస్తుంది. నిలిచిన నీటిని చక్రాలు చీల్చుకుంటూ పోవాలి కనుక వేగం ఆలస్యంగా పుంజుకుంటుంది. టైరుకు, నేలకు మధ్య నీటిపొర చేరితే బ్రేకులు పట్టు కోల్పోతాయి. దీనినే హైడ్రోప్లేనింగ్ అంటారు. టైరులో చదరపు అంగుళానికి 200 పౌండ్ల పీడనం ఉంటే, సుమారు 127 నాట్ల వేగం, అంటే గంటకు 235 కిలోమీటర్ల వద్ద ఈ ప్రమాదం పొంచి ఉంటుంది.

పరుగు మధ్యలో ఇంజన్ విఫలమైతే ఆగాలా, ఎగరాలా అన్నది 'వి-1' అనే నిర్ణయ వేగం తేలుస్తుంది. ఆ వేగానికి లోపు అయితే ఆపవచ్చు. దాటితే మిగిలిన ఇంజన్ శక్తితోనే ఎగరాలి. తడి రన్‌వేపై ఆగడానికి ఎక్కువ దూరం కావాలి కనుక వి-1ను తగ్గిస్తారు. అయితే తక్కువ వేగం నుంచే ఎగిరే ప్రయత్నం కొనసాగించవలసి రావడంతో, రన్‌వే చివర ఉండవలసిన కనీస ఎత్తును 35 అడుగుల నుంచి 15 అడుగులకు సడలించారు. అప్పటికీ లెక్క కుదరకపోతే బరువు తగ్గించడమో, వేచి ఉండడమో తప్పదు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2021 నవంబర్ 4 నుంచి రన్‌వే స్థితిని 6 నుంచి 0 వరకు అంకెలతో తెలిపే ఏకరూప విధానాన్ని అమలులోకి తెచ్చింది. పొడి రన్‌వేకు 6, మూడు మిల్లీమీటర్లు దాటని నీటిపొరకు 5. నీరు అంతకు మించి నిలిస్తే ఆ అంకె ఒక్కసారిగా 2కు పడిపోతుంది. దిగే విమానాలకు ఈ అంకె, లేచే విమానాలకు అదే నివేదికలోని నీటి లోతు కీలకం.

జడివానలో విమానం బయలుదేరడం ఆలస్యమైతే, దాని వెనుక ఈ మిల్లీమీటర్ల లెక్క కూడా ఉండవచ్చు.