బ్రిటన్‌లో వలసలు, ఇస్లాం, మీడియా పక్షపాతం: రాజకీయ వివాదం

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కామన్‌వెల్త్ దేశాల నుంచి వలసలు పెరగడంతో బ్రిటన్‌లో మొదలై, నేటికీ సద్దుమణగని వివాదం ఇది. 1968 ఏప్రిల్ 20న బర్మింగ్‌హామ్‌లో వలసలకు వ్యతిరేకంగా ప్రసంగించిన కన్జర్వేటివ్ ఎంపీ ఇనాక్ పావెల్‌ను ఆ పార్టీ నేత ఎడ్వర్డ్ హీత్ ఛాయా మంత్రివర్గం నుంచి తొలగించారు. అప్పటి గొడవ రంగు గురించి. మతం ముందుకొచ్చింది 1989లో, సల్మాన్ రష్దీ నవల ‘శాటానిక్ వర్సెస్’ ప్రతిని బ్రాడ్‌ఫర్డ్‌లో ముస్లిం నిరసనకారులు తగలబెట్టినప్పుడు. 2021 జనగణన నాటికి ఇంగ్లండ్, వేల్స్‌లలో ముస్లింలు 6.5 శాతం.

మీడియాపై ఫిర్యాదులు రెండు వైపుల నుంచీ వస్తాయి. టీవీ, రేడియో నిష్పాక్షికంగా ఉండాలన్న నియమాన్ని ప్రసార నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ అమలు చేస్తుంది. పత్రికలకు ఆ కట్టుబాటు లేదు. ముస్లింలపై ద్వేషాన్ని పత్రికలు పెంచుతున్నాయని 1997లో రన్నీమీడ్ ట్రస్ట్ నివేదిక విమర్శించింది. వలసలపై జనంలో ఉన్న ఆందోళనను బీబీసీ ఆలస్యంగా పట్టించుకుందని 2013లో స్టువర్ట్ ప్రెబుల్ సమీక్ష తేల్చింది. ఇలాంటి వెనుకంజ మీడియాకే పరిమితం కాదు. ఇంగ్లండ్‌లోని రాథర్‌హామ్ పట్టణంలో సుమారు 1,400 మంది పిల్లలపై లైంగిక దోపిడీ జరిగిందని 2014లో జే నివేదిక వెల్లడించింది. జాతివివక్ష ముద్ర పడుతుందన్న భయంతో కొందరు కౌన్సిల్ ఉద్యోగులు నిందితుల జాతి మూలాలను ప్రస్తావించడానికి వెనకాడారని కూడా చెప్పింది. ఈ విషయాన్ని దాటవేసి వాదించడం నిజాయితీ కాదు.

2024 జూలైలో సౌత్‌పోర్ట్‌లో ముగ్గురు బాలికల హత్య తర్వాత, హంతకుడు శరణార్థిగా వచ్చిన ముస్లిం అన్న వదంతి సోషల్ మీడియాలో పాకింది. అతను పుట్టింది కార్డిఫ్‌లో. అయినా అల్లరిమూకలు అక్కడి మసీదుపైనా, ఇతర పట్టణాల్లో శరణార్థులున్న హోటళ్లపైనా దాడి చేశాయి.