గోరిమేడు అవతల ఎర్రనేల

పుదుచ్చేరి నుంచి తిండివనం వెళ్లే దారిలో ఉన్న గోరిమేడును మన తెలుగువాళ్లలో చాలామంది జిప్మర్ ఆస్పత్రి వల్లనే ఎరుగుదురు. ఆ మెట్టకు ఉత్తరాన, తమిళనాడు హద్దు దాటాక, అలాంటి ఎర్రనేలే మరింత ఎత్తుకు లేస్తుంది. అడవులు నరికేశాక ఆ గట్టునేల మీద కురిసిన ఈశాన్య రుతుపవనాల వానలు పైమట్టిని కోసి సముద్రానికి మోసుకుపోయాయి. 1960ల నాటికి అక్కడ మిగిలినవి జీడితోటలు, వేరుశనగ చేలు, తాటిచెట్లు, వాన కోసిన లోతైన గండ్లు.

1968 ఫిబ్రవరి 28న అక్కడే ఆరోవిల్ అనే అంతర్జాతీయ నగరానికి ప్రారంభోత్సవం జరిగింది. 124 దేశాల మట్టిని ఒక కలశంలో పోశారు. ఆ వేడుక గురించి అందరూ రాశారు. నన్ను పట్టి ఉంచేది దాని తర్వాత వచ్చిన ఏళ్లు. తొలి కాపురాలు పూరిపాకల్లో సాగాయి. కరెంటు లేదు, నీళ్లు ఎడ్లబండి మీద రావాలి. అందుకే ఇళ్లకంటే ముందు గట్లు లేచాయి. వాలుకు అడ్డంగా మట్టికట్టలు వేసి, గండ్లలో అడ్డుకట్టలు కట్టి, పడ్డ వాన పడ్డచోటే ఇంకేలా చేశారు. తొందరగా ఎదిగే ఆస్ట్రేలియా తుమ్మ ముందు నీడనిచ్చింది. ఆ నీడలో స్థానిక సతతహరిత జాతులను పెంచారు. ఇవాళ అక్కడ లక్షల చెట్లున్నాయి.

ఈ కథను విదేశీ ఆదర్శవాదుల సాహసంగా మాత్రమే చెప్పడం అన్యాయం. పలుగూ పారా పట్టినవారిలో కుయిలాపాళయం, ఎడయన్‌చావడి వంటి పక్క ఊళ్ల కూలీలు ఎందరో ఉన్నారు. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ చెట్టు ఎండకు ఓర్చుకుంటుందో ముందునుంచీ తెలిసినది వాళ్లకే.

ఆరోవిల్ కోరుకున్న స్వయంపోషణ మాత్రం పూర్తిగా సాధ్యపడలేదు. తినే తిండిలో ఆరోవిల్ సొంతంగా పండించుకునేది కొద్ది వంతే. వంట దగ్గర ప్రయత్నం కొంత ముందుకు వెళ్లింది: సామూహిక వంటశాల కప్పు మీది 15 మీటర్ల వెడల్పు గిన్నె ఎండను పట్టి, వంటకు ఆవిరి పుట్టిస్తుంది. ఆరోవిల్‌లో అడవిని తిరిగి పెంచేందుకు 2003లో మొదలైన సాధనా ఫారెస్ట్ అనే సమాజం పాకలు, సౌరవిద్యుత్తు, ఎరువుగా మారే మరుగుదొడ్లతో తొలినాటి పద్ధతికి దగ్గరగా నడుస్తోంది.

నీటి లెక్క గట్ల దగ్గర ఆగదు. మెట్ట మీద ఇంకిన వాన కింది ఊళ్ల బావులకూ చేరుతుంది. అదే భూగర్భజలాన్ని చుట్టూ ఉన్న బోర్లు తోడుతున్నాయి. తోడటం మితిమీరితే తీరంలోని బావుల్లోకి ఉప్పునీరు ఎక్కుతుంది. అలా తోడటాన్ని ఆపడం ఆరోవిల్ ఒక్కదాని చేతిలో లేదు.